ఉప్పు పెట్టిన చెయ్యి

చెయ్యో కాలో వాచి, ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఇది చదువుతున్నవాళ్ళెవరైనా ఉంటే ముందే చెప్పేస్తున్నాను. నాది బాగుపడిన కథ కాదు. సగం బాగుపడిన కథ. మిగతా సగం నేనే చెడగొట్టుకున్నాను. డాక్టరమ్మ ఆ సంగతి కాగితంలో రాసుకుంది గాని మొదట తప్పుగా రాసుకుంది, ఎందుకంటే ఆమెకు తప్పు చెప్పింది నేనే. అందుకే ఈ రాత. కుడిచేత్తోనే రాస్తున్నాను, నాలుగు వరసలకోసారి ఆపి, చెయ్యి దిండు మీద ఎత్తిపెట్టుకుంటూ.

నా పేరు జానకి. పుట్టిల్లు సోంపేట వైపు. పదో తరగతి దాకా అక్కడి బళ్ళోనే తెలుగు చదివాను. అత్తారిల్లు గంజాం సముద్రపొడ్డున. మా వాడంతా తెలుగువాళ్ళమే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా ఆయన దానయ్య వేటకెళ్తాడు. నేనూ మా అత్త పోలమ్మా చేపలు ఉప్పేసి ఎండబెడతాం. పొగరంటే పొగరే అనుకోండి, ఉప్పు చేప పనిలో నా చెయ్యి తిరిగినంతగా ఆ ఒడ్డున ఇంకెవరి చెయ్యీ తిరగలేదు. వంజరాన్ని నిలువునా చీల్చి, కడిగి, రాళ్ళ ఉప్పు రుద్దుతుంటే ఎంత పట్టిందో నా అరచేతికే తెలిసిపోయేది. తొట్టిలో వరసలు పేర్చి, పైన గోనె కప్పి, రాయి పెడితే మర్నాటికి చేపలోని నీరంతా దిగిపోయేది. "జానకి ఉప్పేసిన సేప పురుగు పట్టదు" అని బరంపురం వ్యాపారులు నా తొట్టి దగ్గరే ముందు ఆగేవాళ్ళు.

వానాకాలం

మూడేళ్ళ కిందట నా కుడి రొమ్ములో గడ్డ తేలింది. బరంపురంలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసేశారు. చంకలో గడ్డల్లాంటివి ఉంటే వాటినీ తీసేశారు. తర్వాత మందులెక్కించారు, కరెంటు పెట్టారు, అదే రేడియేషన్ అంటారే, అది. జుట్టంతా పోయి మళ్ళీ వచ్చింది. గండం గడిచిందనుకుని మళ్ళీ తొట్టి దగ్గర కూర్చున్నాను.

ఏడాది తిరిగాక వానల్లో ఒక పొద్దున జాకెట్టు చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఉతికితే బిగిసిందనుకున్నాను. ఇంకో జాకెట్టు తీశాను, అదీ ఎక్కలేదు. అప్పుడు రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. కుడిది నాది కానట్టు ఉంది. వేలితో నొక్కితే గుంట పడి, చాలాసేపటికి గాని పూడలేదు.

గడ్డ మళ్ళీ వచ్చిందేమోనని ఆ పూటే బరంపురం పరుగెత్తాను. ఆసుపత్రిలో చూసి, గడ్డ కాదు, చంకలో తీసేసినవాటితోపాటు చెయ్యిలోని నీరు పోయే దారి తెగిపోయింది, ఆ నీరే నిలిచిపోతోంది అన్నారు. బతికిపోయానని ఆ పూట ఎంత సంబరపడ్డానో! ఆ సంబరం నెల కూడా నిలవలేదు. చెయ్యి బరువెక్కింది. కుండ ఎత్తితే జారిపోయేది, జడ వేసుకోబోతే చెయ్యి మెడ దాకా లేచేది కాదు. మా అత్త పాపం రోజూ నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది. నలభై ఏళ్ళదాన్ని, చిన్నపిల్లలా కూర్చునేదాన్ని. సిగ్గుతో ఆమె మీదే కసురుకునేదాన్ని.

"మెల్లిగా లాగు, అత్తా! సంపీసినావు."

"లాగకుండా జడెలా వస్తాదే? కూకో, అయిపోనాది."

కార్తీకం

హల్దియాపదర్లో ఒక చిన్న ఆసుపత్రి ఉంది. అక్కడికి నెలకోసారి బయటి ఊరినుంచి ఒక డాక్టరమ్మ వస్తుంది. చెయ్యీ కాలూ వాచినవాళ్ళకి, ఆ నీరు పోయే, కంటికి కనబడని సన్నని గొట్టాలని భూతద్దంలో చూస్తూ రక్తనాళాలకి కలిపి కుడుతుంది. మాకా సంగతి బరంపురం పెద్దాసుపత్రిలో ఒక నర్సు చెప్పింది. మా ఆయన వేట మానుకుని, నన్నూ తన తల్లినీ బస్సులో తీసుకెళ్ళాడు.

వేచి ఉండే గది అంతా వాచిన కాళ్ళే. చేతులవాళ్ళం ఇద్దరమో ముగ్గురమో. అందరూ చీర కుచ్చెళ్ళ కింద, దుప్పట్ల కింద దాచుకునే కూర్చున్నారు. నా పక్కన అస్కా వైపునుంచి వచ్చిన రాములమ్మ, చెరకు కొట్టే పనికి పోయేది. ఆమె ఒక్కర్తే కాలు దాచలేదు, ఎదురుగా బల్ల మీద చాపుకుని కూర్చుంది. మోకాలి కిందనుంచి బోదకాలు. నేను చెయ్యి వేలాడేసుకుని ఉంటే, తన సంచీలోంచి పాతచీర తీసి, మడత పెట్టి నా మోచేతి కింద దోపింది.

"సెయ్యి కిందకేసుకోకూడదప్పా. పైకెట్టు, బరువు తగ్గుతాది."

డాక్టరమ్మ చిన్నదే, నా చెల్లెలి వయసుంటుంది. ఒడియాలో ఓపిగ్గా చెప్పింది. లైట్లు ఆర్పి, నా వేళ్ళ మధ్య సన్నని సూదులు పొడిచి మందు ఎక్కించింది. కందిరీగలు కుట్టినంత మంట. తర్వాత కెమేరా ఒకటి చేతి మీద ఆడిస్తే, పక్కనున్న టీవీలో నా చెయ్యి నల్లగా, దానిలోపల తెల్లగా మెరిసే గీతలు కనబడ్డాయి. మణికట్టు నుంచి పైకి పాకుతున్నాయి. ఐదు గీతలు. నేనే లెక్కపెట్టాను.

"ఐదు దారులు ఇంకా బతికే ఉన్నాయి, మావుసీ" అంది, పిన్నీ అని ఒడియాలో పిలుస్తూ. "వీటిని కలిపితే చెయ్యి చాలావరకు దిగుతుంది. కానీ ఒక మాట. చెయ్యి ఒకసారి చీము పట్టి జ్వరమొచ్చిందంటే ఈ దారులు మూసుకుపోతాయి. మూసుకుపోయినదాన్ని నేను తెరవలేను. మాఘమాసంలో ఆపరేషన్. అప్పటిదాకా తెగకూడదు, కాలకూడదు, చేతికి ఏదీ రాయకూడదు. ఉప్పు పని బొత్తిగా వద్దు."

కుట్టే దారం ఎలా ఉంటుందో చూస్తానన్నాడు మా ఆయన. రోజూ వలలు అల్లేవాడు కదా. ఆమె ఒక తెల్లకాగితం మీద పెట్టి చూపించింది. వంగి చూశాడు, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు.

"కాయితమే కనబడతంది, డాక్టరమ్మా! దారమేదీ?"

ఆమె నవ్వింది. మేమూ నవ్వాం. ఆ కార్తీకం తర్వాత మేం ముగ్గురం కలిసి నవ్వింది లేదు.

పట్టీలు కట్టే పని మా అత్త నేర్చుకుంది. ఎవరి చేతికి వాళ్ళు కట్టుకోలేరు. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి భుజం దాకా, కింద బిగువుగా, పైకి పోనుపోను వదులుగా చుట్టాలి. కళ్ళు సరిగ్గా ఆనని మనిషి, వేలితో తడుముకుంటూ చుట్టేది.

పుష్యం

ఇక్కడనుంచి రాయడానికే ఇన్ని నెలలు పట్టింది.

ఒడ్డున అప్పుడు ఉప్పు చేప పని జోరుగా ఉంది. పొరుగువాళ్ళు తొట్లు నింపుతున్నారు. నేను గుమ్మంలో చెయ్యి ఎత్తిపెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. మాఘం ఎంతకీ రాదు. నా తొట్టి దగ్గర మా అత్త ఒక్కర్తే తంటాలు పడుతోంది. ఉప్పు తక్కువేస్తోందని నా ప్రాణం కొట్టుకుపోతోంది. అలా చూస్తుంటేనే బుద్ధి పుట్టింది. చేపలో నీరు. చేతిలోనూ నీరే. చేపలో నీటిని ఒక్క పూటలో దించే ఉప్పు చేతిలో నీటిని ఎందుకు దించదు?

నవ్వుకోండి. మీరెవరూ ఇలాంటి పని చెయ్యరు. చేప ఎండబెట్టేదానికే పుడుతుంది ఇలాంటి బుద్ధి.

మా ఆయన మధ్యాహ్నం ఐసు కోసం వెళ్ళగానే పట్టీలు విప్పేశాను. తడిపిన గోనె ముక్క పరిచి, హుమ్మ ఊళ్ళోని ఉప్పు కయ్యలనుంచి తెచ్చిన రాళ్ళ ఉప్పు దాని మీద మందంగా పోసి, చెయ్యి పెట్టి ఎడంచేత్తో రుద్దసాగాను. మా అత్త చూసి పరుగెత్తుకొచ్చింది.

"ఒద్దే తల్లీ! సెయ్యికి ఏటీ రాయొద్దని డాక్టరమ్మ సెప్పింది గదా. అది సేపేటి, ఉప్పెయ్యడానికి?"

"ఉప్పు గురించి నువ్వు నాకు సెప్తావా? నువ్వేసిన తొట్టి ఎన్నిసార్లు కుళ్ళిపోనాదో మరిసిపోనావా?"

ఆమె ముఖం చిన్నబోయింది. అయినా గోనె లాగబోయింది. నేను తోసేశాను. "నీ కొడుక్కి సెప్పినావంటే నా మీద ఒట్టే" అన్నాను. ఆమె ఒట్టుకి కట్టుబడే మనిషి.

మొదటిరోజు విప్పితే చర్మం ముడతలు పడి, చెయ్యి తగ్గినట్టే అనిపించింది. నా సంతోషం చెప్పలేను. డాక్టరమ్మకి చదువుంటే నాకు పనితనం ఉంది అనుకున్నాను. రెండోరోజు ఇంకాసేపు ఉంచాను. మంట పెట్టింది, పని చేస్తోందనుకున్నాను. మూడోరోజు విప్పేసరికి మోచేతి మడతలో చర్మం చిట్లి నీరు కారుతోంది. సాయంత్రానికి చలి పట్టుకుంది. నాలుగు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడాయి. చెయ్యి ఎర్రగా కాలిపోతోంది, భుజం దాకా.

బరంపురంలో పది రోజులు పడుకోబెట్టి సూదులు వేశారు. రెండోరోజు డాక్టరమ్మ వచ్చింది. నెల మధ్యలో, నా కోసమే వచ్చింది. చెయ్యి తిప్పి చూసి, పగుళ్ళలో ఉప్పు తెల్లగా అంటుకుని ఉండటం చూసింది. ఒక్కసారిగా ఆమె గొంతు మారిపోయింది.

"ఎవరు చేశారిది?"

మంచం పక్కన మా ఆయన. కాళ్ళ దగ్గర మా అత్త. మా ఆయన ముఖంలోకి చూశాను. వేట మానుకుని నెలల తరబడి నన్ను తిప్పిన మనిషి. నేనే అని చెబితే ఈవిడ నన్ను పొమ్మంటుంది, ఆపరేషన్ ఉండదు, ఈయన నన్నింక మనిషిగా చూడడు. ఇదంతా ఒక్క క్షణంలో అనుకున్నాను. మిమ్మల్నెవరూ అలాంటి ప్రశ్న అడగకుండా ఉండుగాక.

"మా అత్త" అన్నాను.

అత్త తలెత్తి నన్ను చూసింది. చెంగు తల మీదకి లాక్కుంది. డాక్టరమ్మ ఆమెని నిలబెట్టి పది మందిలో కడిగేసింది. ఆమె ఒక్క మాట అనలేదు. ఒడియా రాక కాదు.

మా ఆయన వరండాలోకి తీసుకెళ్ళి అరిచిన అరుపులు నాకు మంచం మీదికి వినబడ్డాయి.

"ఎవులు సెయ్యమన్నారే నీకు? నీ ముసిలి వొయిద్యం పాడుగాను! ఆ సెయ్యి పోతే అదెలా బతుకుతాది? నా ఇంట్లో ఉండకు. ఎల్లిపో!"

ఆ సాయంత్రం బస్సుకే అత్త ఛత్రపూర్లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, జ్వరం చూసినట్టు నుదుటి మీద చెయ్యి పెట్టింది. నేను కళ్ళు మూసుకుని నిద్ర నటించాను.

వైశాఖం

మాఘంలో ఆపరేషన్ జరగలేదు. చెయ్యి పూర్తిగా చల్లారాలన్నారు. వైశాఖంలో మళ్ళీ ఆ చీకటి గది, మళ్ళీ వేళ్ళ మధ్య సూదులు. టీవీలో ఈసారి చేతి పైభాగమంతా పొగమంచులా కమ్ముకుపోయి ఉంది. ఎంత వెతికినా రెండే గీతలు.

"మూడు పోయాయి" అంది డాక్టరమ్మ. మెల్లగానే అంది. "రెండింటితో ఎంత వస్తే అంత."

బయటికొచ్చి బల్ల మీద కూలబడి ఏడ్చాను. రాములమ్మ అక్కడే ఉంది. ఆ రోజే ఆమెకీ పరీక్ష జరిగింది. కాలంతా గట్టిపడిపోయింది, గీత ఒక్కటీ లేదు, ఆపరేషన్ కుదరదని చెప్పి కట్టు కట్టి పంపేస్తున్నారు. ఆమె వచ్చి నన్ను ఓదార్చింది, చూడండి.

"ఏడకప్పా. నీకు రెండున్నాయి."

"ఐదుండీవి" అన్నాను.

"ఉప్పెట్టినారట గదా మీ అత్త. పాపం, ముసిల్దానికేటి తెలుసు? తిట్టకు. నా సంగతి సూడు. ఏటేటా ఇంటింటికీ మాత్రలు తెచ్చి ఇచ్చీవోరు, బోదకాలు రాకుండా. తల తిరుగుతాదని నానేటి సేసీదాన్ననుకున్నావు? సెంగున కట్టుకుని, ఆలెల్లిపోయాక పెంట మీద పారేసీదాన్ని. నానే సేసుకున్నాను. ఇంకెవుల్ని అంటాను?"

అని, కాలు ఈడ్చుకుంటూ అస్కా బస్సుకి వెళ్ళిపోయింది. ఆమె అంత తేలిగ్గా చెప్పిన మాట నా నోట్లోంచి రాలేదు. ఆ తర్వాత ఆమెని మళ్ళీ చూడలేదు.

ఆపరేషన్ మర్నాడు. పూర్తిగా మత్తివ్వలేదు, చెయ్యి మాత్రం మొద్దుబారింది. ముఖానికి అడ్డంగా గుడ్డ కట్టారు. ఐదారు గంటలు. డాక్టరమ్మ మాట్లాడదు. అప్పుడప్పుడు ఊపిరి బిగబట్టి, మళ్ళీ వదలడం వినబడేది. నేను చేసిన పాడు పనిని ఆమె ఊపిరి బిగబట్టి సరిదిద్దుతోంది. కదలకూడదు గనక ఏడవడానికి కూడా లేకపోయింది. కన్నీళ్ళు చెవుల్లోకి కారితే ఒక నర్సు దూదితో ఒత్తింది.

మర్నాడు మూత్రం ఆకుపచ్చగా వచ్చేసరికి నర్సుని కేకేశాను. నాళాలు కనబడ్డానికి ఎక్కించిన నీలం మందట. ముందే చెప్పారట, నేనే వినలేదు. మీకూ వస్తే భయపడకండి.

ఆ తర్వాత

నెల రోజులకి చెయ్యి కొంత దిగింది. మోచేతి పైన మెత్తబడింది, జడ చివర అందుతోంది. మోచేతి కింద మాత్రం అలాగే ఉంది. తొట్టి పని ఈ జన్మకి లేదు. పట్టీలు బతికినన్నాళ్ళూ కట్టాల్సిందే.

అత్త లేదు గనక, ఆ పట్టీలు కట్టడం మా ఆయన నేర్చుకున్నాడు. మొదట్లో వల ముడులు వేసేసి, నర్సు చేత చివాట్లు తిన్నాడు. తర్వాత చెయ్యి కుదిరింది. రోజూ వేటకి పోయేముందు నన్ను గుమ్మంలో కూర్చోబెట్టి, కబుర్లు చెబుతూ చుట్టేవాడు. నా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నాతో అన్ని కబుర్లు చెప్పింది అప్పుడే. తల్లి పేరు మాత్రం ఎత్తేవాడు కాదు. ఛత్రపూర్ నుంచి ఫోనొస్తే ఎత్తేవాడు కాదు. ఆడపడుచు నాకు చేసి, "అమ్మ అన్నం సరిగా తినడం నేదొదినా, అన్నయ్యని ఒక్కసారి మాటాడమను" అనేది. నేను చెప్పేదాన్ని కాదు.

ఆషాఢంలో ఒకరోజు మోచేతి దగ్గర పట్టీ తిప్పుతూ తనే అన్నాడు.

"మా అమ్మ ఆ పని సెయ్యకపోతే ఈపాటికి సేపల దగ్గిరుండీదానివి."

ఇక నా వల్ల కాలేదు.

"మీ అమ్మ సెయ్యలేదు. ఒద్దొద్దని గోనె లాగబోయింది. నానే ఎట్టుకున్నాను. ఒట్టేయించుకుని దాని నోరు మూసీసినాను. డాక్టరమ్మ అడిగితే దాని మీదకి తోసీసినాను."

పట్టీ ఆగింది. నా ముఖంలోకి చూస్తాడనుకున్నాను, చూడలేదు. మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు. భుజం దాకా చుట్టి, చివర అంటించి, లేచి చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. ఒడ్డుకి కాదు, బస్సుకి. సాయంత్రానికి తల్లిని తీసుకొచ్చాడు. ఆమె సగమైపోయింది. గుమ్మంలో ఆమె కాళ్ళ మీద పడబోతే, ఆపి, నన్ను లోపలికి లాక్కెళ్ళి కసిరింది.

"ఎందుకు సెప్పీసినావే? ఆడికి నా మీద కోపమైతే నాలుగు నెల్లుంటాది, పోతాది. నీ మీదయితే ఆసుపత్రి మానిపించీసీవోడు. అందుకే గదా నోరు మూసుకున్నాను. ఇప్పుడేటైనాది? సెడగొట్టుకున్నావు!"

తర్వాతి నెల హల్దియాపదర్ వెళ్ళినప్పుడు డాక్టరమ్మకీ చెప్పేశాను. ఆమె పెన్ను తీసుకుంది. కాగితంలో పాతమాట కొట్టేసింది. "పెద్దావిడని ఒకసారి తీసుకురండి, మావుసీ. నేను మాట్లాడాలి" అంది. నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇది రాసేసరికి మళ్ళీ కార్తీకం వచ్చింది. అత్త అన్నం తింటోంది. తల్లీ కొడుకులు మాట్లాడుకుంటారు, అప్పుడప్పుడు నవ్వుకుంటారు కూడా. నేను వెళ్తే ఆయన నవ్వు ఆపేస్తాడు. ఆషాఢం నుంచి నాతో కబుర్లు లేవు, కోపం లేదు, తిట్టు లేదు. పట్టీలు మాత్రం ఒక్క రోజు మానలేదు. "నాను కడతాలే, నువ్వెల్లు" అని అత్త అంటే, "నీకు కళ్ళు ఆనవు" అని తనే కూర్చుంటాడు. వేళ్ళ దగ్గర మొదలుపెట్టి భుజం దాకా తలెత్తకుండా చుడతాడు. అంతా అయ్యాక, అడగకపోతే చెయ్యి పాడవుతుందని నర్సు చెప్పింది గనక, అడుగుతాడు.

"బిగిసిందా?"

"నేదు."

రోజుకి ఆ ఒక్క మాటే. దానికోసం నేను తెల్లారకముందే లేచి, చెయ్యి చాపుకుని గుమ్మంలో కూర్చుంటున్నాను.